రైలు నిన్ననే పోయింది

పిల్లలూ! సెలవులు దగ్గరపడితే మీ ఇళ్ళల్లో కూడా ఎక్కడికి పోదామనే చర్చ మొదలవుతుంది గదా. ఒకరు సముద్రం అంటారు, ఒకరు కొండలు అంటారు, అవ్వ తిరుపతి అంటుంది. చివరకు ఏదో ఒకటి నిశ్చయమవుతుంది. అనుకున్నట్టే పోయి, అనుకున్నట్టే తిరిగి వస్తే ఆ ప్రయాణం గురించి చెప్పుకోవటానికి పెద్దగా ఏమీ వుండదు. మొన్న దసరా సెలవుల్లో మా ప్రయాణం అనుకున్నట్టు జరగలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను చాలా ఏళ్ళు బడిపంతులుగా వుండి, ప్రధానోపాధ్యాయుడుగా పని విరమించినవాణ్ణి. మాది హిందూపురం. ఆంధ్రప్రదేశ్ పటం తీసి, కింద ఎడమవైపు మూలన, కర్ణాటక సరిహద్దు పక్కనే వేలు పెట్టండి. అక్కడ వుంటుంది మా ఊరు. గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు తన తండ్రి హిందోజీరావు పేరు మీద ఈ ఊరు కట్టించాడని చెబుతారు. ఇది 2022 దాకా అనంతపురం జిల్లాలో వుండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో వుంది. మా ఊరి నుంచి రైలుదారి వెంట ఉత్తరంగా పోతే మొదట పెనుకొండ, ఆ తరువాత ధర్మవరం వస్తాయి. ఈ దారిమీద 130 ఏళ్ళకు పైగా రైళ్ళు తిరుగుతున్నాయి.

అయితే మేము పోదలచుకున్నది ఉత్తరంగా కాదు, దక్షిణంగా. నీలగిరి కొండలకు! ఎందుచేతనంటే, నా మనవడికి పదేళ్ళు. వాడు ఎక్కడో ఊటీ రైలు గురించి చదివాడు. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. ఆ దారిలో కొంత మేర రైలు ప్రతి 12 అడుగులకూ ఒక అడుగు చొప్పున ఎత్తు ఎక్కాలి. మామూలు ఇనుప చక్రం అంత ఏటవాలులో జారిపోతుంది. అందుకని పట్టాల నడుమ పళ్ళున్న కమ్మీలు వేశారు. ఇంజను కింద వున్న పళ్ళచక్రం ఆ పళ్ళను పట్టుకుంటూ, మనం నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతుంది. ఆ రైలు 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వచ్చింది. 2005లో యునెస్కో వారు దాన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. మావాడు ఆ పళ్ళచక్రం బొమ్మ వేసి, హైదరాబాదులో తన మంచం పక్కన గోడకు అంటించుకున్నాడు.

మా అబ్బాయి హైదరాబాదులో టిక్కెట్లు కొన్నాడు. "నాకు పంపరా. కార్యక్రమం నేను వేస్తాను," అన్నాను. ఎన్నో ఏళ్ళు బడికి టైంటేబులు వేసిన చెయ్యి గదా! పెద్ద కాగితం తీసుకుని, ఏ రోజు ఏ వేళకు ఏం చేయాలో వరసగా రాసి, గోడకు అంటించాను. మొదటి పంక్తి ఇది: "5వ తేదీ రాత్రి 12 గంటల 20 నిమిషాలకు హిందూపురంలో రైలు."

అబ్బాయి, కోడలు, మనవరాలు, మనవడు 4వ తేదీ ఉదయం ఇంటికి వచ్చారు. 5వ తేదీ రోజంతా మా ఆవిడ ఓళిగలు చేసింది, చిత్రాన్నం కలిపింది. రాత్రి పదకొండున్నరకే స్టేషను చేరాం. బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లలను గేటు దగ్గర నిలబెట్టినవాణ్ణి నేను. రైలుకు ఆలస్యంగా పోతానా?

ప్లాట్‌ఫారం మీద రైల్వే ఉద్యోగి ఒకాయన మా సామాను చూసి, ఏ పెట్టెలో ఎక్కాలో చెబుదామని టిక్కెట్టు అడిగారు. చూశారు. మళ్ళీ చూశారు. నెమ్మదిగా అన్నారు: "అయ్యా, ఈ రైలు నిన్న రాత్రే పోయింది."

టిక్కెట్టు మీద ఏముందో తెలుసునా? 5వ తేదీ, 0 గంటల 20 నిమిషాలు.

రైల్వేవారి గడియారంలో రోజు సరిగ్గా అర్ధరాత్రికి మొదలవుతుంది. దాన్ని 0 గంటలు అంటారు. మధ్యాహ్నం ఒంటిగంట వారికి 13 గంటలు, రాత్రి పదకొండు 23 గంటలు. కాబట్టి 5వ తేదీ 0 గంటల 20 నిమిషాలంటే, 4వ తేదీ రాత్రి అందరూ అన్నాలు తిని పడుకున్న తరువాత, అర్ధరాత్రి దాటి ఇరవై నిమిషాలకు అన్నమాట. ఆ వేళకు మేమంతా స్టేషనుకు రెండు కిలోమీటర్ల దూరంలో, మా ఇంట్లో, హాయిగా నిద్రపోతున్నాం. రైలు వచ్చింది, ఆగింది, మా ఆరు చోట్లూ ఖాళీగా పెట్టుకుని పోయింది.

అంతలో ఆనాటి రైలు వచ్చింది. సరిగ్గా అదే వేళకు. కిటికీల్లోంచి నిద్రపోతున్నవాళ్ళు కనబడుతున్నారు. మావాడు సంచీ తగిలించుకుని నాలుగడుగులు ముందుకు పోయాడు. వాళ్ళమ్మ వాడి భుజం పట్టుకుంది. టిక్కెట్టు లేకుండా ఎక్కరాదు. సెలవుల రద్దీలో అప్పటికప్పుడు ఆరుగురికి చోటు దొరకదు. రైలు కదిలింది. ఎర్రదీపం దూరమై చివరకు చుక్కంత అయింది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పటానికి నాకు సిగ్గుగా వుంది. అయినా చెబుతాను. పదిమంది వింటుండగా నేను మా అబ్బాయి వైపు తిరిగి, "టిక్కెట్లు కొన్నవాడివి నువ్వు. తేదీ చూసుకోవద్దా?" అని గట్టిగా కసిరాను. వాడు నా ముఖం వైపు ఒకసారి చూశాడు. "పొరపాటైంది నాన్నా," అన్నాడు. అంతే. సామాను ఎత్తుకుని ముందు నడిచాడు.

ఊటీలో గదికి కట్టిన బయానా పోయింది. టిక్కెట్ల డబ్బు పోయింది. మరునాడు పొద్దున ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. మనవడు ముసుగు తీయలేదు. అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "చేసిన ఓళిగలు పారబోయాలా ఏం? ఎక్కడో ఒకచోట కూచుని తినాల్సిందే. ఊటీ లేకపోతే లేపాక్షి. లేవండి!" అన్నది. ఆమె మాటకు మా ఇంట్లో ఎదురు లేదు.

హిందూపురం నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. ఊరు రాగానే రోడ్డు పక్కనే రాతి నంది కనబడుతుంది. ఒకే రాయి! 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటలు, ఒంటిమీద పట్టెడలు అన్నీ ఆ రాతిలోనే చెక్కారు. తాబేలు వీపులాంటి బండమీద వీరభద్రస్వామి గుడి వుంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, అనగా 1529 - 1542 నడుమ, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని కట్టించారు.

గుడి మంటపంలో వేలాడే స్తంభం వుంది. దాని అడుగు నేలకు పూర్తిగా ఆనదు. ఒక పక్క నుంచి తుండుగుడ్డ దూర్చి, ఇంకో పక్క నుంచి లాగవచ్చు. అంతదాకా నోరు విప్పని మావాడు తుండుగుడ్డ రెండుసార్లు లాగి, నేలమీద బోర్లా పడుకుని సందులోకి చూసి, "తాతా, మరి ఇది పడిపోదా?" అని అడిగాడు. "పైకప్పు రాతి దూలాల మీద వుంది. ఆ దూలాలను చుట్టూ వున్న స్తంభాలు మోస్తున్నాయి. ఇది పైన కరిచిపెట్టి వుంది," అని చెప్పాను. వాళ్ళ అక్క ఎనిమిదో తరగతి. అది వెంటనే, "అయితే ఒకటి పని చేయకపోయినా తక్కినవి మోస్తాయన్నమాట," అన్నది.

గుడి వెనక ఏడు పడగల రాతి నాగేంద్రుడు వున్నాడు. దాన్ని దాటితే పైకప్పు లేని స్తంభాల గుంపు ఒకటి కనబడుతుంది. అది కల్యాణమంటపం. పూర్తి కాలేదు. ఎందుకు కాలేదో ఒక కథ చెబుతారు. రాజుగారి సొమ్ము అనుమతి లేకుండా గుడికి ఖర్చు పెట్టాడని విరూపణ్ణ మీద నేరం మోపారట. కళ్ళు తీయించమని రాజు ఆజ్ఞ ఇచ్చాడట. ఆ మాట విని విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకేసి కొట్టాడట. గోడమీద రెండు ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. ఇది కథ, చరిత్ర అనటానికి లేదు. కాని ఆ మరకల ముందు నిలబడి కథ చెబుతూ వుంటే, ఒకరిమీద నేరం మోపటం అనే మాట దగ్గర నా గొంతు తడబడింది. మా అబ్బాయి పిల్లల చెప్పులు చూడటానికని బయటికి పోయాడు.

లతామంటపం స్తంభాల మీద రకరకాల తీగలు, హంసలు, పువ్వులు చెక్కి వున్నాయి. మా కోడలు ఒక స్తంభం చూపించి, "మామా, ఇది అచ్చం నా పెళ్ళిచీర అంచు!" అన్నది. నిజమే. ఈ తీగలనే చూసి నేతగాళ్ళు చీరల అంచులు దిద్దుకుంటూ వచ్చారు. "ఆ చీర ఎక్కడిది?" అని మనవరాలు అడిగింది. "ధర్మవరం." "అయితే ధర్మవరం కూడా పోదాం. కాని చీరలోకి పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?" ఆ ప్రశ్నకు జవాబు మా ఊళ్ళోనే వుంది. ఓళిగలు అక్కడే చెట్టు కింద తిని ఇంటికి వచ్చాం.

మరునాడు పొద్దున్నే పట్టుగూళ్ళ మార్కెట్టుకు పోయాం. మా హిందూపురం మార్కెట్టు రాష్ట్రంలో పేరు మోసినది. రైతులు బస్తాల్లో తెచ్చిన గూళ్ళను తొట్లలో కుమ్మరించి పెడతారు. తెల్లనివి, లేత పసుపువి, పావురం గుడ్డుకన్న చిన్నవి. దారం తీసేవాళ్ళు వచ్చి గుప్పెట్లోకి తీసుకుని, చెవి దగ్గర ఆడించి, వేళ్ళతో నొక్కి చూసి వేలం పాడతారు.

గుడ్డులోంచి వచ్చినప్పుడు పట్టుపురుగు చీమకన్న చిన్నది. దానికి మల్బరీ ఆకు తప్ప వేరే తిండి లేదు. పాతిక రోజులు తింటూనే వుంటుంది. నడుమ నాలుగుసార్లు తిండి మాని, తల ఎత్తి కదలకుండా కూచుని, పాత చర్మం విడుస్తుంది. మా రైతులు దాన్ని 'జ్వరం' అంటారు. నాలుగో జ్వరం లేచిన తరువాత అది తినే చప్పుడు ఆకులమీద వాన పడ్డట్టు వినిపిస్తుంది. ఆ పైన రైతు దాన్ని చంద్రికల మీదికి ఎక్కిస్తాడు. చంద్రిక అంటే వెదురుతో చుట్లు చుట్లుగా అల్లిన తట్ట. అక్కడ అది తల అటూ ఇటూ తిప్పుతూ రెండు మూడు రోజుల్లో తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూడంతా ఒకే దారం! దాదాపు కిలోమీటరు పొడవు వుంటుంది. వేడినీళ్ళలో వేస్తే జిగురు కరిగి దారపు కొస దొరుకుతుంది. ఒక కిలో పట్టుదారానికి ఆరు నుంచి ఎనిమిది కిలోల గూళ్ళు కావాలి.

ఒక రైతు తొట్టిలో గూళ్ళు చాలా తక్కువగా వున్నాయి. "నాలుగో జ్వరంలో సగం పురుగులు చచ్చిపోయినాయి సామీ. మిగిలిన సగానికి ఆకు వేసినాను. ఏం చేసేది, వుండే పురుగు ఆకలిగా చూస్తాంది గదా!" అన్నాడు. మా మనవడు ఆ రైతును చాలాసేపు చూశాడు. తరువాత ఒక గూడు కొనిపెట్టమన్నాడు. రైతు డబ్బు తీసుకోకుండా రెండు ఇచ్చాడు.

మూడోనాడు పెనుకొండ. ఈసారి రైలు వేళ నేను చూడలేదు. మనవరాలు చూసింది, వాళ్ళమ్మ మళ్ళీ చూసింది. ప్యాసింజరు రైలులో కూచున్నాం. దాదాపు 40 కిలోమీటర్లు. కిటికీలోంచి వేరుశనగ చేలు, చింతచెట్లు, బండల గుట్టలు. మా ప్రాంతంలో ఏడాదికి వాన దాదాపు 55 సెంటీమీటర్లే. అందుకే పెద్దలు ప్రతి ఊరికీ ఒక చెరువు తవ్వి పెట్టారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో పెద్ద కార్ల కర్మాగారం వుంది. కియావారిది, 2019లో మొదలైంది.

పెను అంటే పెద్ద. పెనుకొండ పేరుకు తగినట్టే వుంటుంది. కొండమీద కోట గోడలు, నరసింహస్వామి గుడి, కింద ఊరు. ఊళ్ళో గగనమహలు అనే రెండంతస్తుల భవనం వుంది. దాని తోరణాలు మసీదు తోరణాల్లాగా, పైన బురుజు గుడి గోపురంలాగా వుంటాయి. దాని నీడలో కూచోబెట్టి పిల్లలకు చరిత్ర చెప్పాను. మీరూ వినండి.

1565 జనవరి 23. విజయనగరానికీ, దక్కను సుల్తానులకూ గొప్ప యుద్ధం జరిగింది. తల్లికోట యుద్ధం అని మీరు పాఠంలో చదివే వుంటారు. పెద్దవాడైన రామరాయలు రణరంగంలో చనిపోయాడు. సేన చెదిరిపోయింది. ఆయన తమ్ముడు తిరుమలరాయలు పరుగు పరుగున హంపీ చేరాడు. రాజైన సదాశివరాయలను, అంతఃపుర స్త్రీలను, పిల్లలను తీసుకుని, 500కు పైగా ఏనుగుల మీద ధనం వేసుకుని బయలుదేరాడు. కొన్నాళ్ళకే శత్రుసేనలు హంపీలో ప్రవేశించాయి. తిరుమలరాయలు ఎక్కడికి పోయాడనుకున్నారు? ఇదిగో, ఇక్కడికే! దారి 200 కిలోమీటర్లకు పైనే. ప్రపంచంలో పేరు మోసిన రాజధాని వదిలి, ఈ కొండ కిందికి.

"ఆయన కూడా తేదీ తప్పు చూసుకున్నాడా తాతా?" అని మనవడు అడిగాడు. అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వాడు. మూడు రోజుల తరువాత అదే మొదటి నవ్వు.

"లేదురా. కాని ఆయన వెంట వున్న పిల్లల్లో ఒకడైనా, మన ఇంటికి తిరిగి ఎప్పుడు పోతాం అని అడిగే వుంటాడు. తిరుమలరాయలు మళ్ళీ హంపీలో జనాన్ని నిలుపుదామని ప్రయత్నించాడు. సాగలేదు. అప్పుడు పెనుకొండనే రాజధాని చేసుకుని ఇక్కడి నుంచే రాజ్యం నడిపాడు. రామరాజభూషణుడు వసుచరిత్ర అనే గొప్ప కావ్యం అంకితం ఇచ్చింది ఈయనకే. ఈయన వంశంవారిని ఆరవీటి రాజులంటారు. తరువాత రాజధాని చంద్రగిరికి మారింది," అని చెప్పాను.

అక్కడి నుంచి బాబయ్య దర్గాకు పోయాం. అన్ని మతాలవారూ వచ్చి మొక్కుకునే చోటు అది. అక్కడ ఒక పెద్దాయనతో మాటల్లో, "రేపు శుక్రవారం గదా," అన్నాను. ఆయన, "మాకు ఈ సాయంత్రం పొద్దు గుంకగానే శుక్రవారం వచ్చేస్తుంది," అన్నారు. అప్పుడు నాకు తట్టింది. ముస్లిముల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది. ఆదివారం అర్ధరాత్రి దాటి రెండు గంటలకు బిడ్డ పుడితే ఇంట్లో పెద్దలు 'ఆదివారం పుట్టాడు' అంటారు. ఆస్పత్రి కాగితంలో సోమవారం అని వుంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పటం లేదు. ఎవరి గడియారం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలి, అంతే. నేను రైలు కాగితాన్ని పంచాంగంలాగా చదివాను.

ఊళ్ళో కుంభకర్ణుడి తోట కూడా వుంది. కొండంత కుంభకర్ణుడు నిద్రపోతూ వుంటాడు; రాక్షసులు ఆయన్ని లేపుతూ వుంటారు. మా ఆవిడ ఆ బొమ్మను చూసి, నన్ను చూసి, "రైలు పోయిన రాత్రి మీరూ ఇట్లాగే," అన్నది. నేను మాట్లాడలేదు.

నాలుగోనాడు ధర్మవరం పోయాం. చిత్రావతి ఒడ్డున వున్న ఊరు ఇది. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1853లో ఇక్కడే పుట్టారు. పట్టుచీరలకు ఈ ఊరు దేశమంతా ప్రసిద్ధి. ఈ పేరు వేరే ఊరివాళ్ళు వాడుకోకుండా చట్టం కాపుదల కూడా వున్నది. సందుల్లో నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచీ టక్ టక్ మని మగ్గం చప్పుడు.

ఒకప్పుడు నేను ఈ ఊళ్ళో పనిచేశాను. అప్పుడు నా దగ్గర చదువుకున్న ఒకతను ఇప్పుడు నేతగాడు. "సార్!" అని లేచి వచ్చి, మమ్మల్ని మగ్గం దగ్గర కూచోబెట్టాడు. నిలువునా సాగదీసి కట్టిన వేల పోగులు పడుగు. నాడెతో అడ్డంగా నడిపే పోగు పేక. మగ్గం పైన జకార్డు అనే యంత్రం. దానికి చిల్లులు పొడిచిన అట్టలు దండగా కట్టి వుంటాయి. చిల్లు వున్న చోట ఒక పోగు లేస్తుంది. లేని చోట లేవదు. అట్లా అంచులో హంస వస్తుంది. 1804లో ఫ్రాన్సు దేశంలో జకార్డు అనే ఆయన దీన్ని తయారు చేశాడు. ఇటువంటి చిల్లుల అట్టలతోనే తరువాతి కాలంలో లెక్కల యంత్రాలకు పని చెప్పటం నేర్చుకున్నారు. మావాడు పళ్ళచక్రం మరచిపోయి, జకార్డు కింద తల దూర్చి చూడసాగాడు.

అంతలో అతను నేత ఆపాడు. అంచు మీద వేలు పెట్టి, వెనక్కి జరుపుతూ పోయి, రెండు వేళ్ళ వెడల్పు కింద ఒక చోట ఆగాడు. హంస ముక్కు దగ్గర ఒక పోగు తప్పింది. మాకైతే కనబడనే లేదు. అతను మాట్లాడకుండా నేసిన పేక పోగులు ఒక్కొక్కటే వెనక్కి లాగటం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి చేసిన పని!

"వదిలేయరాదా అన్నా? ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మా మనవడు.

అతను నవ్వి నా వైపు చూపించాడు. "మీ తాతే నేర్పించినాడు. లెక్క తప్పితే జవాబు మార్చొద్దు, తప్పు ఎక్కడ పడిందో వెనక్కి పోయి చూడు, అక్కణ్ణుంచి మళ్ళీ చెయ్యి అనేవారు. ఒకసారి పలక మూడుసార్లు తుడిపించినారు. జ్ఞాపకం వుందా సార్?"

నాకు జ్ఞాపకం లేదు. కాని ఆ మాట నాదే. పిల్లలూ, తన మాట తనకే ఎదురు వచ్చి నిలబడితే ఎట్లా వుంటుందో నాకు ఆ రోజు తెలిసింది. కొంతసేపు అతని వేళ్ళు చూస్తూ కూచున్నాను. తరువాత మా అబ్బాయి వైపు తిరిగాను.

"నాయనా, ఆ రాత్రి స్టేషనులో నిన్ను అన్నాను. టిక్కెట్టు సరిగానే కొన్నావు. తప్పుగా చదివింది నేను. గోడమీద తప్పుగా రాసిందీ నేనే. పదిమందిలో అన్నాను గనక నలుగురి ముందు చెబుతున్నాను. తప్పు నాది."

వాడు తల దించుకుని, "పోనీలే నాన్నా," అన్నాడు. గొంతు మారింది.

"ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు తాతా," అన్నాడు మనవడు. "ఇంటికి రాగానే అక్క గోడమీద కాగితం, టిక్కెట్టు రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది."

"మరి నాతో ఎందుకు అనలేదురా?"

"తాతను అడగొద్దు, ఆయనే చెబుతాడు అన్నాడు నాయన."

నాకు నోట మాట రాలేదు. నేతగాడు కూడా మాట్లాడలేదు. తప్పిన పోగు దాకా వెనక్కి పోయి, తెగిన కొసను ముడివేసి, మళ్ళీ నాడె విసిరాడు. మేము లేచే వేళకు పొద్దుటి పనిలో పావువంతు కూడా తిరిగి రాలేదు. హంస ముక్కు మాత్రం సరిగా వచ్చింది.

ఇంటికి రాగానే గోడమీది కాగితం చింపేద్దామని పోయాను. మనవరాలు అప్పటికే ఎర్రసిరాతో మొదటి పంక్తి కొట్టేసి, పక్కన "4వ తేదీ రాత్రి" అని దిద్ది, కింద మార్కులు వేసింది: పదికి సున్నా. చింపలేదు. ఆ కాగితం ఇంకా అక్కడే వుంది. మనవడు తనకు రైతు ఇచ్చిన గూళ్ళలో ఒకటి దాని కింద మేకుకు దారంతో కట్టిపెట్టి పోయాడు.

ఊటీ రైలు మేము ఇంకా ఎక్కలేదు. వచ్చే వేసవిలో ఎక్కాలి. ఈసారి టిక్కెట్టు ఆరుగురమూ చదువుతాం.

మీరూ ఒక లెక్క చేయండి. ఒక టిక్కెట్టు మీద 12వ తేదీ, 0 గంటల 5 నిమిషాలు అని వుంది. మీ ఇంటి నుంచి స్టేషనుకు అరగంట నడక. రైలుకు అరగంట ముందుగా చేరాలి. మీరు ఏ తేదీన, ఏ వేళకు ఇల్లు కదలాలి? జవాబు మీ నాన్నగారికి చూపించండి. ఆయన జవాబూ మీ జవాబూ కలవకపోతే కసురుకోకండి. ఇద్దరూ కూచుని వెనక్కి పోయి చూడండి.